ఐదుకి ఎన్ని మార్కులు?

"ఏటల్లుడూ, బొమ్మ ఆగిపోనాది!"

పాపారావు కేకకి డొంకూరు వీధిలో ఆరబెట్టిన వలల మీద వాలిన కాకులన్నీ లేచిపోయాయి. బియ్యం డబ్బాకి ఆనించిన ఫోనులో పెళ్లికొడుకు తేజ ముఖం కనిపిస్తోంది. పాపారావు చిన్నకూతురు పావని వచ్చి, ఎదురుగా కూర్చుని, తలెత్తిన క్షణం నుంచి ఆ ముఖంలో కదలిక లేదు. మాటా లేదు. నోరు మాత్రం సగం తెరుచుకుని ఉంది.

పెద్దల్లుడు హరిబాబు చటుక్కున ఫోను మీదికి వంగాడు. ఈ సంబంధం తెచ్చింది అతనే. తేజ అతని స్నేహితుడు, గుజరాత్‌లో పడవ డ్రైవరు. వేట వదిలి రాలేడు కనక చూపులు ఫోనులోనే పెట్టారు. పైగా ఫోనుల్లో వీడియో జనానికి ఎలా కనిపిస్తోందో ఊరూరా తిరిగి కొలవడమే హరిబాబు ఉద్యోగం. "నేనుండగా మీకు సిగ్నలు బెంగేటి మావా" అని పొద్దున్నే రొమ్ము విరుచుకుని చెప్పాడు కూడా.

"తేజా! ఒరే తేజా! ఇనబడతాందేటి?"

తేజ ఉలకలేదు, పలకలేదు. హరిబాబు తువ్వాలుతో ఫోను అద్దం తుడిచాడు. డబ్బాని గుమ్మం వైపు జరిపాడు. అదే ముఖం, అదే నోరు.

"పడవ దింపీటప్పుడు ఇంజను ఆగితే ఆ రోజు ఏటకెల్తామేటి?" అన్నాడు పాపారావు. "ఎల్లం. పడవ ఎనక్కి లాగెత్తాం. తొలిసూపే ఇలగాగిపోతే ఇంక కాపరమేటి సాగతాది? ఈ సంబంధం మనకొద్దు. కట్టీ ఫోను."

పావని గబుక్కున తల దించుకుంది. అబ్బాయి నచ్చాడని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పలేదు గానీ, చెవులదాకా ఎర్రబడ్డ ముఖం ఎప్పుడో చెప్పేసింది. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఒక్క నిమసం మావా" అంటూ హరిబాబు తన దగ్గరున్న రెండో ఫోను తీశాడు. అందులో కంపెనీ ఇచ్చిన యాప్ ఉంది. చూసేవాళ్లు ఈ వీడియోకి ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారో అది ముందే లెక్కగట్టి చెప్పేస్తుంది. మొదటి ఫోనుకి కలపగానే నాలుగు పాయింటు ఎనిమిది అని చూపించింది.

"వీడియో ఒక్కసారీ ఆగనేదంట మావా!"

"నీ మిసన్ని నమ్మాలా, నా కళ్లని నమ్మాలా?"

మిషను ఎన్ని చెప్పినా చివరికి చూసినవాడి మాటే చెల్లుతుందని ఉద్యోగంలో చేరిన రోజే హరిబాబుకి నూరిపోశారు. జనం వేసిన మార్కులతో సరిపోకపోతే తప్పు మిషనుదే.

"సరే, మీరే ఎయ్యండి. బాగుంటే ఐదు, బాగోకపోతే ఒకటి."

"సున్నా" అన్నాడు పాపారావు.

"సున్నా నేదు మావా. ఒకటి నుంచే మొదలు."

"అయితే ఆ ఒకటీ నీ మొకం సూసి ఏత్తన్నాను."

"నువ్వు సెప్పు పావనీ."

"రెండు బావా" అంది పావని మెల్లగా. "ఆగినా గానీ మొకం బాగానే అగుపిత్తంది."

అంతవరకూ చాప మీద కూర్చుని, రెప్పవేయకుండా ఫోను వైపే చూస్తున్న పాపారావు తల్లి అప్పలనరసమ్మ, ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తి ఐదు వేళ్లూ చాపింది.

"ఐదు!"

"నీకేటి అగుపిత్తాదే అమ్మా, నువ్వూరుకో" అని విసుక్కున్నాడు పాపారావు.

"పోయిన్నెలే కదరా కళ్లకి ఆపరేసన్ సేయించినావు. నీకంటే నాకే బాగా అగుపిత్తాది."

పాపారావు వినిపించుకోలేదు. వంగి ఫోను అందుకున్నాడు. ఎర్ర గుర్తు మీదికి వేలు పోతోంది. హరిబాబు ఆ చెయ్యి పట్టుకుని, ముసలమ్మ వైపు తిరిగాడు.

"మామ్మా, ఆగిపోన బొమ్మకి ఐదెలగేసినావే?"

"ఆగిందని ఎవుడన్నాడు? మీరంతా మొకమే సూత్తన్నారు. ఆడెనకాల దండెం మీద లుంగీ సూడండి, గాలికి ఊగతానే ఉంది. బొమ్మ ఆగనేదురా, మన పావనిని సూసి నా మనవడే ఆగిపోనాడు!"