చెల్లెలి పేరు చెప్పి

"వడియాలా? ఊరొదిలి పొయ్యే మనిషికి వడియాలిచ్చి పంపిస్తమా?"

గోవర్ధన్ అరిచిన అరుపుకు టేబుల్ మీది డబ్బా మూతలు కూడా ఉలిక్కిపడ్డాయి. రాజశేఖర్ నోట్లోని బెండకాయ ముద్దను గబగబా మింగి వెనక్కి చూశాడు. దమయంతి ఇంకా చేతులు కడుక్కుని రాలేదు కాబట్టి బతికిపోయారు.

"వడియాలు కాదన్నా, ఒడిబియ్యం! జర మెల్లగ మాట్లాడు."

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అచ్చేసే ఆఫీసు అది. దమయంతి అక్కడ ప్రూఫులు దిద్దుతుంది. భర్తకు కరీంనగర్ బదిలీ అయింది. శనివారం ఆమెకు ఆఖరి రోజు.

"అక్కకు తల్లిగారి దిక్కు ఎవ్వరు మిగల్లే," అన్నాడు రాజశేఖర్. "ఒళ్ళో బియ్యం పోసేటోళ్ళు లేక ఎన్నేండ్లాయెనో అని మొన్న తనే అన్నది. మనమే పోసి పంపుదాం."

గోవర్ధన్ గొంతు తగ్గించాడు. ఆ ఆఫీసులో అది అరుదైన సంఘటన.

"నేను గోడగడియారం ఇద్దామనుకున్న," అన్నాడు. "గడియ గడియకు మనం గుర్తొస్తమని. ఛీ! చీర పెట్టి, పసుపు బియ్యం ఒళ్ళో పోసి, ఆడబిడ్డను పంపినట్టు పంపుదాం. మా ఇంటామె సంయుక్త పోస్తది."

ఇక్కడే చిక్కొచ్చి పడింది. ఆఫీసు వదిలి ఎవరు వెళ్ళినా కానుక కొనేది దమయంతే. మిగతావాళ్ళకు చీర పొడుగుంటుందని తప్ప దాని గురించి ఇంకేమీ తెలియదు. ఆమెకు కొనాలన్నా ఆమే రావాలి!

"ఏంది గుసగుస?" దమయంతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మా చెల్లె మంజులకు ఒడిబియ్యం పోస్తున్న అక్కా," అనేశాడు గోవర్ధన్. "చీర తియ్యాలె. నువ్వు రావాలె."

మంజుల నిజంగానే ఉంది, అంబర్‌పేట్‌లో సకినాలు చేసి అమ్ముతుంది. అబద్ధమల్లా ఒడిబియ్యమే.

సాయంత్రం నారాయణగూడ చీరల దుకాణంలో దమయంతి పరుపు మీద కూర్చుని, ఒక్కో చీర అంచునూ వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది.

"మీ చెల్లెకు ఏ రంగు ఇష్టం?"

"నీకేది నచ్చితే అదే అక్కా."

"కట్టుకునేది నేనా, ఆమెనా? అన్నవయ్యుండి చెల్లె రంగు తెల్వదా?"

"చీరల ముచ్చట్ల నోరు తెరిస్తే ఇంట్ల నన్నే చీరేస్తరక్కా. అందుకే నేర్చుకోలె."

దుకాణం అతను నవ్వాడు. దమయంతి నవ్వకుండా మామిడిపండు రంగు అంచున్న ఆకుపచ్చ చీరను తీసి, తన భుజం మీద వేసుకుని చూసుకుంది. చూడాల్సిన దానికన్నా ఒక్క క్షణం ఎక్కువే చూసుకుంది. తర్వాత గబుక్కున మడత పెట్టేసింది.

"ఇది తీస్కో. అదృష్టవంతురాలు మీ చెల్లె. మల్ల ఇంతకుముందు ఎప్పుడు పోసిర్రు ఆమెకు?"

"అమ్మ ఉన్నప్పుడు."

"అమ్మ పోయినంక?"

గోవర్ధన్ చప్పున పర్సు తీశాడు. "ఇగో... ఇప్పుడే," అన్నాడు. లెక్కపెట్టిన నోట్లనే మళ్ళీ లెక్కపెట్టాడు.

శనివారం భోజనాల వేళకు టేబుళ్ళు గోడకు జరిపి చాప పరిచారు. సంయుక్త పసుపు కలిపిన బియ్యం గంపతో దిగింది. దమయంతిని చాప మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీర చేతికిచ్చింది.

"ఇది మంజుల చీర గదా?"

"నీదే అక్కా," అన్నాడు గోవర్ధన్. "దినాం నీ డబ్బాల తిన్నం. నీ తల్లిగారోళ్ళం మేమే అనుకో."

దమయంతి చీర అంచును మళ్ళీ వేళ్ళ మధ్య నలిపింది. సంయుక్త ఆమె చేత కొంగు పట్టించి దోసిలితో పోయడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులకూ కొంగే. కన్నీళ్ళు బియ్యంలోనే పడ్డాయి.

ఉన్నట్టుండి ఆమె అదిరిపడింది. "అయ్యో! గోవర్ధన్, ఎంత పని చేసినవయ్యా!"

"ఏమైందక్కా?"

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది.

"అన్నా!"

పట్టుచీర, తల నిండా పూలు, చేతుల నిండా కొత్త గాజులు. మంజుల! "దమయంతక్క ఫోన్ల చెప్పినకాడి నుంచి నిద్ర పడ్తలేదే నాకు! అమ్మ పోయినంక ఇగ నాకు ఎవ్వరు పొయ్యరనే..." ఇంకో ఆడమనిషి ఒడిలోని బియ్యం కంటపడి, మాట అక్కడే ఆగిపోయింది.

"తప్పు నాదే చెల్లె," అంది దమయంతి. "పొయ్యే ముందట నేను తీసిన చీర కట్టుకునే మనిషిని చూద్దామనిపించింది. సకినాలు ఆర్డర్ పెట్టే నీ నంబరు నా ఫోన్ల ఉండె. ఇయ్యాల రమ్మని ఫోన్ చేసిన. మీ అన్న నీకు ఒడిబియ్యం పోస్తుండని నోరు జారిన."

"అక్కది కాదు, నాది," గోవర్ధన్ తల ఎత్తలేదు. "అక్కకు తెల్వకుండ చీర కొనాలని నీ పేరు వాడుకున్న చెల్లె. నీకు ఒడిబియ్యం పొయ్యాలెనని... నాకు యాదికే రాలె."

మంజుల నవ్వబోయింది. గాజుల చేతుల్ని కొంగులో దాచుకుంది. "గంతేనా! ఏం గాదు తియ్యే," అంటూ ఒక అడుగు వెనక్కి వేసింది.

బియ్యం పోస్తుండగా మధ్యలో లేవకూడదు. దమయంతి కూర్చున్న చోటే పక్కకు జరిగి, చాపలో సగం ఖాళీ చేసింది.

"యాడికి పోతున్నవే? రా, కూసో. కొంగు పట్టు," అని సంయుక్త వైపు తిరిగింది. "చెయ్యి ఆపకు మరదలా! నీకు ఆడబిడ్డలం ఇద్దరం."