కాఫీ కాపలా

చెంచా మోగింది.

కుట్టుమిషను టక్కున ఆగింది. ఆవిడ అరచేత్తో చక్రాన్ని ఆపి, వంటింటివైపు చెవి ఒగ్గింది.

"ఏవండీ, ఏం చేస్తున్నారక్కడ?"

"మంచినీళ్ళు తాగుతున్నానోయ్."

"మంచినీళ్ళకి చెంచా ఎందుకో!"

ఆయన తల గోక్కుంటూ బయటికొచ్చాడు. ముప్పావు జీవితం బస్సు నడిపి రిటైరైన మనిషి. చంకలో కాఫీపొడి డబ్బా.

ఆవిడ డబ్బా లాక్కుని మిషను సొరుగులో పడేసింది. మూత సందులోంచి ఘుమాయింపు. ముక్కు పక్కకి తిప్పుకుని, సొరుగులో జాకెట్టు ముక్కలు కుక్కింది.

ఆ ఇంట్లో కాఫీ పడందే ఇద్దరికీ కళ్ళు విచ్చుకోవు. కానీ కూతురు పొద్దున్నే ఫోన్ చేసి హెచ్చరించింది. గుండె పరీక్ష జరిగే ఆస్పత్రిలోనే ఆమె నర్సు.

"రేపటిదాకా కాఫీ, టీ, చాక్లెట్ ఏదీ లోపలికి పోకూడదు. పరీక్షలో అడినోసిన్ అనే మందు ఎక్కిస్తారు. అదేం కొత్తది కాదు, మన ఒంట్లో తయారయ్యేదే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పోగై, నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. నరంలోకి ఎక్కిస్తే గుండె రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎక్కడ రక్తం సరిగా పారట్లేదో ఫొటోల్లో తెలిసిపోతుంది."

"మరి కాఫీకీ దానికీ ఏం పేచీ?" అన్నాడాయన.

"అది కూర్చోవాల్సిన సీట్లో కాఫీ కూర్చుంటుంది నాన్నా. నీ బస్సులో సంచీ పెట్టి సీటు ఆపేవాళ్ళు లేరూ, అలాగ. ఇక మందు పనిచేయదు, పరీక్ష దండగ. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో! ఆ ఆయాసం ఎందుకో అప్పటిదాకా తేలనే తేలదు."

ఆయన అక్కడికక్కడే ఒట్టేశాడు. కాఫీ ముట్టనని, మనవరాలి మీద.

ఒట్టు గట్టిదే. మనిషే మెతక.

కాసేపటికి పక్కింటి గుమ్మంలోంచి ఆయన గొంతు ఊరంతా వినబడింది. "చెల్లెమ్మా, మీ ఇంట్లో కాఫీ అయిందా?"

ఆవిడ కత్తెర చేత్తోనే పరుగున వెళ్ళింది. "ఇవ్వకు వదినా! ఒట్టేసిన మనిషి!"

"ఒక్క గుక్కేనే..."

"గుక్కా లేదు, గుటకా లేదు. నడవండి."

మధ్యాహ్నం డాబా మీద ఫ్లాస్కు మూత కిందపడి ఖణేల్‌మంది. ఆవిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, ఆయనే గబగబా దిగివచ్చి ఫ్లాస్కు అప్పగించాడు.

"దొంగతనం కూడా చేతకాదు మీకు," అంటూ ఆవిడ దాన్ని తొట్లో బోర్లించింది. పారుతున్న కాఫీని చివరిదాకా చూసింది. పెద్ద ఆవులింత వచ్చింది.

"నీకు తలనొప్పి లేదుటే?" అన్నాడాయన జాలిగా.

"మీ కాపలాతోనే సరిపోతోంది. నొప్పి గుర్తుకురావడానికి తీరికేదీ!"

ఆయన మీసంలో నవ్వాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. పొద్దుగూకేలోపు చెంచా ఇంకా చాలాసార్లు మోగింది. ఒక్కసారీ ఆవిడ చెవి దాటిపోలేదు.

మర్నాడు ఆస్పత్రి వరండాలో కూతురు ఎదురొచ్చింది.

"కాఫీ?"

"చుక్క కూడా లేదు. పూచీ నాది," అంది ఆవిడ గర్వంగా. ఆయన దొరికిపోయిన దొంగలా తలొంచుకున్నాడు.

ముగ్గురూ లోపలికెళ్ళారు. తెల్లటి గది, సన్నటి బల్ల, పక్కన గుండె చప్పుడు చూపించే తెర.

"కావాలనే చెంచా మోగిస్తూ నువ్వలా కాపలా పెట్టించుకోకపోతే, అమ్మ నిన్న మధ్యాహ్నానికే తాగేసి ఉండేది నాన్నా," అంటూ కూతురు, బల్ల మీద పడుకున్న తల్లి చేతికి సూది గుచ్చింది.