ఆరో మిషన్

"ఈ మిషన్లన్నీ కొత్తవి కావు సార్. ఒక పాతదాన్ని కలిపేశారు."

గుమ్మంలో నిలబడి పెద్దల్లుడు ఈ మాట అనేసరికి, తనిఖీకి వచ్చిన అధికారి ఫైల్లోంచి తలెత్తాడు. పక్కనే ఉన్న చిన్నల్లుడు చటుక్కున గుమ్మం వైపు తిరిగాడు.

అల్లుళ్లిద్దరూ ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్నవాళ్లు. ఇద్దరిదీ చొక్కాలు కుట్టించే వ్యాపారమే. ఇప్పుడు చిన్నల్లుడి షెడ్డులో ఆరు కొత్త పవర్ మిషన్లు వరసగా మెరుస్తున్నాయి. బట్టల పరిశ్రమకు సాయమని వాటి ధరలో సగం సర్కారు ఇస్తుంది. మిగతా సగం కొన్నవాళ్లు ముందే కట్టేశారు. తనిఖీ ముగిసి ఈ సాయంత్రంలోగా అధికారి సంతకం పడాలి. పడకపోతే గడువు దాటినట్టే. కంపెనీవాళ్లు మిషన్లు ఎత్తుకుపోతారు, కట్టిన సగం తిరిగి రాదు.

ఈ లెక్క పెద్దల్లుడికి నోటికొచ్చు. లారీలోంచి మిషన్లు దిగిన రోజు నుంచీ అదే వేసుకుంటున్నాడు మరి.

"మీరెవరు?" అన్నాడు అధికారి.

"పక్క వీధిలో పాతికేళ్లుగా ఇదే పని సార్. ఈయనకు కత్తెర పట్టడం నేర్పిందీ నేనే."

"అన్నయ్యా, ఒక్కసారి బయటికి రండి. మీకో మాట చెప్పాలి," అన్నాడు చిన్నల్లుడు, చెయ్యి పట్టుకుని.

"చెప్పేదేదో సార్ ముందే చెప్పు. నా దగ్గర దాపరికాల్లేవు."

"అసలు ఈ మిషన్లు నావి కావన్నయ్యా..."

పెద్దల్లుడు ఫక్కున నవ్వాడు. "తెలుసులేవయ్యా! ఆడవాళ్ల పేరు మీదైతే సర్కారు ఇంకాస్త ఎక్కువిస్తుంది. మిషన్ కొన్న ప్రతివాడూ పెళ్లాం పేరే రాయిస్తున్నాడు. ఆ మాత్రం తెలివి నీకుండదా?"

"అవును, దరఖాస్తు ఆవిడదే," అన్నాడు అధికారి. "ఏదో కాగితం జిరాక్స్ తీయించుకొస్తానని ఇప్పుడే వెళ్లారు."

"మా మరదలే లెండి సార్. బొత్తాం ఊడినా మా ఇంటికే పట్టుకొస్తుంది. ఆవిడ ఆరు మిషన్లకు ఓనరు!"

"అది నా నోటితో చెప్పేది కాదు," అన్నాడు చిన్నల్లుడు. "ఇప్పుడే వస్తా. అందాకా ఏమీ రాయకండి అన్నయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా," అని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు.

సిఫార్సు కోసం పరిగెత్తాడనుకున్నాడు పెద్దల్లుడు. పరిగెత్తనీ.

ఆయన కడుపుమంట ఇవాళ్టిది కాదు. తన షెడ్డులో మిషన్లు తిరిగితే తగరపు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుంది. ఇక్కడ తుమ్మెద రొదలాంటి చప్పుడు. అదైనా సహించేవాడేమో. ఇంట్లో భార్య ఉంది కదా, ఆవిడే అసలు నిప్పు రాజేసింది. "మనమూ దరఖాస్తు పెట్టుకుందామండీ," అని మూడు నెలలు పోరింది. ఆఫీసుల చుట్టూ తిరగడం తన ఒంటికి పడదని కసిరాడు. పోరడం మానేసింది. కానీ ఈ మిషన్లు దిగిన దగ్గర్నుంచీ రోజూ మధ్యాహ్నం చెల్లెలికి చేతిసాయమంటూ ఇటే వస్తోంది. జడలో దారప్పోగులతో, మొహం నిండా నవ్వుతో ఇంటికి తిరిగొస్తోంది. మెరుగుకిచ్చానన్న గాజులు నెలైనా రాలేదు, వాటి ఊసే లేదు ఆవిడకి. అవతలివాడికి మిషన్లొస్తే ఈవిడకెందుకంత సంబరం?

"ఏది పాతదో చూపించండి," అన్నాడు అధికారి.

పెద్దల్లుడు మొదటి మిషన్ తల వెనక్కి వాల్చాడు. కింద తొట్టిలో నూనె నీళ్లలా తేటగా ఉంది. రెండోదీ అంతే. ఐదోదాకా అంతే. ఆరోది వాల్చాడు. నూనె టీ రంగుకు తిరిగి ఉంది.

"మీరే చూడండి సార్. ఇది బాగా నడిచిన బండి. పైన రంగు కొట్టి నిలబెట్టారు."

పది రోజులు వరసగా నడిపితే కొత్త మిషన్‌లోనూ నూనె రంగు తిరుగుతుంది. అది కుట్టుపని చేసేవాళ్లందరికీ తెలుసు. అధికారికి తెలియదు. ఆయనకు తెలియదన్న సంగతి పెద్దల్లుడికి తెలుసు. ఆరింట్లో ఈ ఒక్కదాన్నే ఎవరు నడిపారో, ఎందుకు నడిపారో ఆయనకు అనవసరం.

"నోటిమాట చెల్లదు. పేరూ, తండ్రి పేరూ, వీధితో సహా రాసివ్వండి. ఇంజినీరు వచ్చి చూడాలి. ఆయనొచ్చేది వచ్చే వారం."

"మరి గడువు?"

"ఇవాళ్టితో సరి. ఇంకోమాట, రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు."

"తీసుకునే మనిషినైతే ఇచ్చేవాణ్ణే కాదు సార్."

గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా రాశాడు. అబద్ధమైతే మాత్రం ఏం? నిజం తేలేసరికి మిషన్లు లారీ ఎక్కుతాయి. కింద సంతకం చేశాడు. అధికారి దాని మీద ముద్ర వేసి ఫైల్లో గుచ్చాడు.

పెద్దల్లుడు గుమ్మానికి వీపు పెట్టి, పీలిక గుడ్డతో వేళ్లకంటిన నూనె తుడుచుకోసాగాడు. పది రోజుల తర్వాత మొదటిసారి ఆయనకు ఆకలేసింది. వెనకనుంచి ఎవరో ఇద్దరు రొప్పుతూ లోపలికొచ్చిన చప్పుడు. రానీ. మరదలికి ఏం సమాధానం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకున్నాడు.

"రండమ్మా, మీ దరఖాస్తు ఆగిపోయింది," అన్నాడు అధికారి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తూ. "అవునూ, ఈ ఫిర్యాదు ఇచ్చినాయన పేరూ, ఇక్కడ మీరు రాసిన భర్త పేరూ ఒకటేనేమిటమ్మా?"