నర్సమ్మ రాలేదు

"తెలుగువాళ్ళా అమ్మా?"

స్పందన తలెత్తింది.

బల్లకి అవతల ఒక పెద్దాయన. తడిసిన స్వెట్టరు, వెల్లింగ్టన్ గాలికి నిక్కబొడుచుకున్న తెల్లజుట్టు, చేతిలో టిఫిన్ డబ్బా ఉన్న సంచి. ఆమె మెడలో వేలాడుతున్న కార్డు మీద పేరు చదివాడు కాబోలు, మొహమంతా విప్పారిపోయింది.

స్పందనకి మాత్రం ప్రాణం ఉసూరుమంది.

పార్లమెంటులో ఎంపీ దగ్గర ఉద్యోగమని రోటోటూనాలో ఉండే పిన్ని ఏ ముహూర్తాన నలుగురికీ చెప్పిందో గానీ, అప్పట్నుంచి ప్రతి అంకులూ అల్లుడి వీసా కాగితాలు చంకన పెట్టుకుని దిగిపోతున్నారు.

అది కూడా ఈ రోజే రావాలా?

ఈ మధ్యాహ్నమే సభలో బిల్లు. ఎక్కడో సముద్రం మధ్య ఉన్న ఒక దీవి దేశపు సైన్యానికి తుపాకులూ ట్రక్కులూ కొనుక్కోమని డబ్బిచ్చే బిల్లు. స్పందన పనిచేసే ఎంపీ రోవెనా దానికి ఒకే ఒక్క సవరణ పెట్టింది. సొంత ఊళ్ళ మీద తుపాకి పేల్చిన దళాలకి ఈ సొమ్ము దక్కకూడదని.

అది నెగ్గడానికి రెండు ఓట్లు తక్కువ.

"కళ్ళారా చూసిన మనిషిని ఒక్కరిని చూపించు, ఓటేస్తాం," అన్నారు ఇద్దరు ఎంపీలు. ఆ ఇద్దరూ ఇప్పుడు లోపల రోవెనా గదిలోనే కూర్చుని ఉన్నారు.

"అక్కడి ఆస్పత్రిలో పనిచేసిన నర్సు దొరికారు," అని రోవెనా పొద్దున్నే చెప్పింది. "ప్రాణభయం. పేరు నాక్కూడా చెప్పలేదు. రాగానే లోపలికి పంపించు."

నర్సమ్మ కోసం స్పందన పొద్దుట్నుంచి గుమ్మం వైపే చూస్తోంది. చూడగా చూడగా ఈయన వచ్చాడు.

"చెప్పండి అంకుల్."

"మేడమ్ గారిని కలవాలమ్మా. బిల్లు సంగతి."

"ఏం బిల్లు? కరెంటుదా?"

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. పక్కన సోఫాలో ఎవరో పేపరు చదువుకుంటున్నారు. గొంతు తగ్గించాడు.

"ఇక్కడ చెప్పేది కాదు తల్లీ. మేడమ్‌తోనే చెప్పాలి."

అందరూ మొదట ఇలాగే అంటారు. లోపలికి వెళ్ళి కూర్చున్నాక మెల్లిగా అల్లుడు బయటికొస్తాడు.

"వీసా పనులు ఇక్కడ చూడరు అంకుల్. ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళండి."

"వీసా కాదమ్మా. కాస్సేపు చాలు."

"మేడమ్ ఇవాళ రారు."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. అదే ఒక తెల్లాయన వచ్చి అడిగి ఉంటే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఏం పనో కనుక్కునేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

"రారా?" అన్నాడాయన.

"రారు అంకుల్."

సోఫా వైపు మరోసారి చూశాడు. "సరేనమ్మా. వందనాలు," అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

నర్సమ్మ రాలేదు.

ఎంపీలిద్దరూ చూసి చూసి, గడియారం వంక ఒకసారి చూసుకుని లేచారు. రోవెనా వాళ్ళ వెనకాలే లిఫ్టు దాకా మాట్లాడుతూ వెళ్ళింది. వాళ్ళు తల అడ్డంగా ఊపారు.

సవరణ వీగిపోయింది. సరిగ్గా ఆ రెండు ఓట్లతోనే. వెంటనే బిల్లు పాసయింది.

రోవెనా గదిలోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "ఇంక తుపాకులు ఓడెక్కుతాయి," అంది.

ఆమెని అలా చూసి స్పందనకి ఏడుపొచ్చింది. ఆ నర్సమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళకి ఊళ్ళు చస్తుంటే వచ్చి ఒక్క మాట చెప్పడానికి ఆ మహాతల్లికి కాళ్ళు రాలేదు కదా అని తిట్టుకుంది.

సాయంత్రం రైల్వేస్టేషన్ దగ్గర, ఎయిర్‌పోర్టు బస్సు ఆగే చోట పెద్దాయన కనిపించాడు. తప్పించుకుపోదామనుకుంది గానీ ఆయనే ముందు చూశాడు.

"రా తల్లీ, ఇటు కూర్చో. అక్కడ గాలి కొట్టేస్తోంది."

మొహమాటానికి కూర్చుంది. "మీ పని అయ్యిందా అంకుల్?"

"లేదమ్మా. ఒకవేళ మేడమ్ వస్తారేమోనని మధ్యాహ్నమంతా ఆ గేటు దగ్గరే నిలబడ్డాను. ఇందాకే చెప్పారు, పాసైపోయిందట."

"ఏది?"

"బిల్లు."

స్పందన గిర్రున ఆయన వైపు తిరిగింది.

"ఇంకెవర్నైనా అడగకపోయారా అంకుల్," అంది.

"ఎందుకమ్మా? మన తెలుగుపిల్ల చెప్పింది కదా. నాతో అబద్ధం ఎందుకు చెప్తుంది అనుకున్నా."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆయన సంచి తీసుకుని లేచాడు. మూత తియ్యని డబ్బా లోపల బరువుగా కదిలింది.

స్పందన ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరెవరు అంకుల్?"

"ఇప్పుడు చెప్పినా ఫర్వాలేదులే. సైలస్ అంటారమ్మా."

మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"నేనూ మా ఆవిడ జోసఫినూ ఆ దీవి ఆస్పత్రిలో నర్సులం తల్లీ; నువ్వెళ్ళి సాక్ష్యం చెప్పిరా అని నన్ను పంపించి, తను రోగుల దగ్గరే ఉండిపోయింది."