కునుకు వేళ మిక్సీ

ఇళ్లలో స్విచ్చులు పోయి, ప్రతి పనికీ నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేసే కాలం అది. ఊళ్లో ఎవరింటి తెర మొరాయించినా శేషఫణే బాగుచేసేవాడు. సొంత వంటింటి తెర మాత్రం అతనికి అంతుపట్టలేదు. భార్య హైమ 'మిక్సీ తిప్పు' అని కొడితే ఒక్కోసారి తిరిగేది కాదు. అతను వచ్చి నిలబడితే ఠక్కున తిరిగేది.

"నువ్వే తప్పు కొడుతున్నావ్," అని తన చెల్లెలి ముందే, చంటిపిల్లచేత అక్షరాలు దిద్దించినట్టు హైమచేత మళ్లీ మళ్లీ కొట్టించాడు.

ఆదివారం పాత ఆజ్ఞలు తిరగేస్తుంటే ఒకటి కనబడింది: 'నేను కునుకు తీస్తుంటే వంటింటి మాట వినకు.' ఎప్పుడో మిక్సీ మోతకు నిద్ర చెడి, విసుగులో తనే రాసి మరిచిపోయాడు. అతని చెవులు వేడెక్కాయి. దాన్ని చెరిపేశాడు.

"దొరికింది. నా నిద్రే..." అని గొణిగాడు.

"తెలుసండీ," అంది హైమ పప్పు కడుగుతూ. "మీ గురక వినబడితే రుబ్బురోట్లో రుబ్బుకునేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. మీరూ మీ చెల్లెలూ నవ్వారు."

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక మిక్సీ మోగింది. హైమ ముఖం చూడలేక పడక్కుర్చీలో కళ్లు మూసుకున్న శేషఫణి, నిద్ర రాకపోయినా గురక పెట్టాడు.

ఈసారి హైమే మిక్సీ ఆపేసింది. వంటింటి రుబ్బురోట్లో పొత్రం మెల్లగా తిరగడం మొదలైంది.