నాలుగు వేళ్ళ సందు

“ఇది మూడోసారి బాషా. నీకు చేతనవుతుందా, కాదా? ఆ మాట చెప్పు,” అన్నాడు హయాత్ సాహెబు, నల్లటి ఇంగ్లీషు కారు షెడ్డు ముందు ఆగీ ఆగకముందే.

ఆయన గుంటూరులో పత్తి మిల్లు ఉన్నవాడు. తెల్లటి షేర్వాణీ, చెవి మడతలో అత్తరు దూది, చేతిలో మడిచిన పేపరు. మామూలుగా గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. అలాంటివాడు మిర్చి బస్తాల బండ్లవాళ్ళు కూడా ఎడ్లను ఆపి చూసేట్టు కేకలేస్తుంటే, మెకానిక్ గౌస్ బాషాకు తల కొట్టేసినట్టయింది.

కారుకు వచ్చిన జబ్బు చూస్తే చిన్నదే. వెనక ఎడమ తలుపు అద్దం నిటారుగా లేవడం లేదు. ఓరగా ఎక్కి, పైన నాలుగు వేళ్ళ సందు మిగిల్చి ఆగిపోతోంది. బాషా రెండుసార్లు బాగుచేశాడు. రెండుసార్లూ ఆయన కళ్ళ ముందే చక్కగా ఎక్కించి చూపించాడు. నెల తిరక్కుండా కథ మళ్ళీ మొదటికొచ్చింది.

పరదా పాటించే ఇల్లు. కోడలు ఎక్కే కారుకు అద్దం మూసుకోకపోతే నలుగురూ ఏమనుకుంటారని హయాత్ సాహెబు తల్లి పొద్దున్నా సాయంత్రం సతాయిస్తోందట. ఈసారి కాకపోతే ఈ కారూ, మిల్లు లారీలూ ఇంకో షెడ్డుకు పోతాయనీ, బాషా పనితనం ఎలాంటిదో ఊరందరికీ తనే చెబుతాననీ అనేసి, ఎదురుగా ఉన్న టీ కొట్టుకు పోయి పేపరు విప్పుకున్నాడాయన.

ఆ మాటకు బాషా మనసు చివుక్కుమంది. పనితనం తప్ప అతనికి ఇంకో ఆస్తి లేదు.

తలుపు లోపలి అట్ట ఊడదీసి, అద్దం జారే గాడిలోకి సన్నటి స్క్రూడ్రైవరు పోనిచ్చాడు. అనుకున్నట్టే దూది తగిలింది. క్రితం రెండుసార్లూ ఇదే. పత్తి మిల్లు కారు కదా, పింజ ఎగిరొచ్చి ఇరుక్కుందనుకుని, గీరి పారేశాడు. ఈసారి మాత్రం ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఎగిరొచ్చిన పింజ ఇలా శనగగింజంత ఉండలు చుట్టుకోదు. ఎవరో వేళ్ళతో గట్టిగా చుట్టి, పనిగట్టుకుని గాడిలో కుక్కారు.

బాషాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు తన చేతిది కాదు. ఆ ఉండలు చూపించడానికి టీ కొట్టు వైపు ఒక అడుగు వేశాడు కూడా. అంతలో ఏదో అనుమానమొచ్చి, కారు డ్రైవరు మరియదాసును పిలిచి, ఈ పక్కన కూచునేదెవరని అడిగాడు.

సాహెబుగారి భార్య జమీలా అమ్మగారే, ఇంకెవరు కూచుంటారన్నాడు మరియదాసు. కాసేపు నసిగి, గొంతు తగ్గించి మిగతాదీ చెప్పాడు. ఇంట్లో పెద్దావిడకూ, జమీలా తల్లి రహిమున్నీసాకూ పెళ్ళినాడే చెడింది. వియ్యపురాలి గడప తొక్కననీ, దారిలో ఎదురుపడ్డా కారు అద్దం దించననీ కొడుకు చేత మాట తీసుకుంది పెద్దావిడ. ఆ రహిమున్నీసా ఉండేది నల్లపాడు రైలు గేటు పక్కన. ప్రతి గురువారం దర్గాకు కారు వెళ్ళేది ఆ గేటు మీదుగానే.

“రైలొచ్చే టయానికి గేటు పడుద్ది గదా భాయ్. ఆ తల్లి బురఖా వేసుకుని వచ్చి, ఈ సందులో వేళ్ళు పెట్టిద్ది. అమ్మగారు లోపల్నించి పట్టుకుంటారు. రైలు పోయిందాకా అంతే. ఇద్దరి మధ్యా ఒక్క మాటుండదు.”

“మరి సాహెబుగారు?”

“ముందు సీట్లో పేపరు చదువుతుంటారు. గేటు లేచిందాకా తలెత్తరు. అదీ మన అదృష్టం.”

బాషా అరచేతిలోని ఉండలను చూస్తూ ఉండిపోయాడు. అతని కూతురు షాజాదీని సింగరాయకొండలో ఇచ్చాడు. కిందటి రంజానుకు చూడటమే. ఆ పిల్ల వేళ్ళు గుర్తొచ్చాయి.

ఉండలన్నీ తీసినచోటే కుక్కి, అట్ట బిగించేశాడు.

“నా వల్ల కాదు సాహెబుగారూ,” అన్నాడు హయాత్ సాహెబు రాగానే. “తలుపు చట్రమే ఒంగింది. ఈ అద్దం ఇక ఇంతే. ఇంట్లో పెద్దావిడతో కూడా అదే చెప్పండి.”

“ముప్ఫై ఏళ్ళుగా నువ్వు నేర్చుకున్నది ఇదేనా?” అన్నాడు హయాత్ సాహెబు, టీ కొట్టుదాకా వినబడేట్టు. అక్కడ ఎవరో నవ్వారు. బాషా తల వంచుకున్నాడు.

వంచుకున్న తలకు నేల మీద కనబడింది, తలుపు కింద పడిపోయిన ఒక దూది ఉండ. కాలితో కప్పేద్దామనుకునేలోపే హయాత్ సాహెబు వంగి దాన్ని తీశాడు.

చేజేతులా జమీలా కొంప ముంచానే అనుకున్నాడు బాషా.

హయాత్ సాహెబు ఉండను వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత రోడ్డుకు వీపు తిప్పి, కారు తలుపు మీదికి వంగాడు.

“అన్నీ పెట్టి ఇదొక్కటే మర్చిపోయావేం బాషా?” అని మెల్లగా అంటూ దాన్ని గాడిలోకి తోసి, చాలదేమోనని తన చెవిలోని అత్తరు దూది కూడా తీసి దాని మీద కుక్కాడు.