పన్నెండు గొంతులు

వెబ్‌సైటాయన ఫోను ఈసారీ ఎత్తలేదు. అక్క విసుగ్గా దాన్ని కుట్టుమిషను మీద పడేసి, మళ్లీ తీసుకుని చాట్ తెరిచింది.

“ఒక్కసారి ఫోనెత్తితే మీ సొమ్మేం పోయింది?” అని రాసింది.

“రాతలో ఉంటే రేపు మాట తేడా రాదు. మొదటిరోజే చెప్పానుగా,” అని వచ్చింది జవాబు.

వెబ్‌సైటాయన పద్ధతే అంత. ఎనిమిది నెలల నుంచి పని చేసిపెడుతున్నాడు గానీ మనిషి ఎలా ఉంటాడో ఆమె ఎరగదు. కంప్యూటరు పనివాళ్లకి కాస్త తలబిరుసు ఉంటుందిలే అని సర్దుకుపోయింది.

“మా తమ్ముడు సైటులో పెట్టింది చూశారా?”

“చూశాను. ఇవాళ నాలుగింటికి మీ కుట్టుగదిలో సభ్యులందరూ కలవాలని.”

“మరి ఎవరొస్తారండీ? ఉన్న పన్నెండు మందీ మీరు పుట్టించినవాళ్లేనాయె!”

గుండెలు బాదుకోవలసిన సంగతే. తమ్ముడికి నత్తి. పార్సిలు ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు వరుసలో నిలబడ్డవాళ్లు వాడి మాటను వెక్కిరిస్తూ వీడియో తీశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నోరు మూసుకున్నవాడు ఐదు నెలలు తెరవలేదు. మంచినీళ్లు కావాలన్నా చీటీ మీద రాసేవాడు. అప్పుడు అక్క ఈ సైటు కట్టించింది. నత్తి ఉన్నవాళ్లు తమ గొంతు రికార్డు చేసి పెట్టుకునే చోటు. అనుమతి లేనిదే బయటివాళ్లు అడుగుపెట్టలేరు, లోపల ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు. పేరు ‘నిదానం’.

పేరుకు తగ్గట్టే నెలరోజులైనా ఒక్కరూ చేరలేదు. తమ్ముడు రోజూ ఆ ఖాళీ పేజీ చూసి మూసేసేవాడు.

“కొత్త సైటుకి జనం రావాలంటే ముందు మనమే జనం కావాలి. మా పనిలో ఇది మామూలే,” అని వెబ్‌సైటాయన అప్పట్లో రాశాడు. వారం తిరిగేసరికి పన్నెండు మంది సభ్యులు, పన్నెండు గొంతులు, తలో రకం తడబాటు. ‘పిచ్చుక’ అనే సభ్యుడు, దిగాల్సిన స్టాపు పేరు పలకలేక, పలకగలిగిన స్టాపుకి టికెట్టు కొనుక్కుని మిగతా దూరం నడుస్తానని చెప్పాడు. అది విని తమ్ముడు పగలబడి నవ్వాడు. మర్నాడు తన గొంతూ పెట్టాడు. ఇప్పుడు కూరగాయలవాడితో బేరం కూడా ఆడుతున్నాడు.

“సైటు మూసేయండి. చెడిపోయిందని చెప్పండి,” అని రాసింది అక్క.

“అతని రికార్డులన్నీ పోతాయి. వాటితోపాటు మాటా పోతుంది.”

“పోనీ, రాలేమని వాళ్ల పేరున రాసేయండి.”

“పన్నెండు మందికీ ఒకేరోజు జ్వరమా?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు ఏడుపొచ్చింది.

“ఆ గొంతులిచ్చినవాళ్లనే పంపండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“అన్నీ ఒకే గొంతు. సాఫ్ట్‌వేరుతో మార్చాను.”

“ఎవరిది? మీదా?”

“నాదే.”

ఆమె గబగబా రాసింది. “అంటే ఆ నత్తంతా నాటకమా? కూర్చుని సాధన చేశారా? ఆ కౌంటరు దగ్గర వెక్కిరించినవాళ్లకీ మీకూ తేడా ఏముంది?”

అవతల ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

“కుట్టుగదికి దారి చూపే మ్యాపు పంపండి. నాలుగింటికి వస్తాను.”

“వచ్చి? గలగలా మాట్లాడి క్షమాపణ అడుగుతారా?”

వేరే దారి లేక అక్క మ్యాపు పంపింది.

తమ్ముడు మధ్యాహ్నానికే గదిలోని గుడ్డలన్నీ మూటగట్టి, పక్క దుకాణం నుంచి కుర్చీలు తెచ్చి గుండ్రంగా వేశాడు. తనతో కలిపి పదమూడు.

“అక్కా, నా ప... పక్క కుర్చీ పిచ్చుకది. నువ్వు కూ... కూర్చోకు.”

“నాకెందుకురా మీ మధ్య,” అంది అక్క, మొహం అటు తిప్పుకుని.

నాలుగైంది. తమ్ముడు గుమ్మం దాకా నాలుగుసార్లు వెళ్లొచ్చాడు. నాలుగున్నరకి కూలబడ్డాడు. సైటు తెరిచి చూశాడు, మూశాడు.

“బస్సులు దొరకలేదేమోరా,” అంది అక్క.

వాడు లేచాడు. కుట్టుబల్ల మీంచి కొలతల చీటీ, పెన్సిలు తీసుకున్నాడు. ‘కుర్చీలు ఇచ్చేసి వస్తా’ అని రాసి చూపించాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ చీటీ.

జరిగిందంతా చెప్పేద్దామని ఆమె నోరు తెరిచేలోగా గుమ్మంలో ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. చాలా దూరం నడిచొచ్చినట్టు చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఫోను, అందులో ఆమె పంపిన మ్యాపు.

“వెబ్‌సైటు...?” అంది అక్క గొంతు తగ్గించి.

ఆయన తలూపాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి చేతులు జోడించింది.

“దండం పెడతాను, వెళ్లిపోండి. వాడి ముందు మీరు నోరు విప్పారంటే వాడిక జన్మలో మాట్లాడడు.”

ఆయన ఆమెను తప్పించుకుని లోపలికొచ్చాడు. చీటీ పట్టుకుని నిలబడ్డ తమ్ముడి ఎదుట ఆగాడు. తమ్ముడు తలెత్తి చూశాడు.

“న... న... న... నమస్కారం,” అన్నాడు వెబ్‌సైటాయన.